మా బోర్డు బడికి ఎన్ని బోర్డులో!

మా ఊరి బడి హెడ్మాస్టరు పొద్దున్నే ఫోన్ చేసినాడు.

"అన్నా, తల్లిదండ్రుల మీటింగు, మెగా పీటీఎం వస్తాంది. బడి చరిత్ర ఫ్లెక్సీ మీద వేయించాల. మీరు ఈడ చదువుకున్నోళ్ళు, పైగా రాసే మనిషి. పన్నెండు లైన్లు రాసియ్యండి. పన్నెండుకు మించొద్దన్నా, పైన ఫోటోలు పడాల."

ఫోటోలకు చోటు తగ్గకుండా చరిత్ర రాయడం అందరివల్లా కాదు. అయినా సరేనన్నాను. నందికొట్కూరు బస్టాండులో దిగి షేర్ ఆటో ఎక్కితే అర్ధగంటలో వచ్చే ఊరు మాది. పేరు చెప్పను. చెబితే నాకేం కాదు, పాపం హెడ్మాస్టరుకు మెమో వస్తుంది. మా బడి ప్రాథమికోన్నత పాఠశాల. ప్రైమరీ అంటే ప్రైమరీ కాదు, హైస్కూలు అంటే హైస్కూలూ కాదు. పూర్వం మిడిల్ స్కూలు అనేవాళ్ళు, నడిమి బడి అని తెలిసేది. ప్రాథమికాన్నీ ఉన్నతాన్నీ సంధి చేసి కూర్చోబెట్టాక అది ఏ బడో పిల్లలకే కాదు, ప్రభుత్వానికే అర్థం కాకుండా పోయింది. త్రిశంకుకు విశ్వామిత్రుడు కనీసం ఒక స్వర్గం కట్టిచ్చాడు. మా బడికి బడులు బాగుచేసే నాడు-నేడు పథకం రెండో విడతలో నాలుగు పిల్లర్లు లేపి, పైన కడ్డీలు ఆకాశానికి చూపించి ఆపేశారు. నాడు సరే. నేడు ఎప్పుడొస్తుందో చూస్తున్నాం.

మొదటి లైనుకు పుట్టినరోజు కావాలి. బీరువాలో మూడు రిజిస్టర్లు దొరికాయి. ఒకదాని అట్ట మీద 1959 అని ఉంది. ఇంకోదాని మీద 1986. మూడోదాన్ని చెదలు తినగా 19 అని మాత్రం మిగిలింది, అదే అన్నిటికంటే నమ్మదగ్గది. బడుల వివరాలు సర్కారుకు ఎక్కించే యూడైస్ ఫారంలో 'స్థాపించిన సంవత్సరం' అని ఒక గడి ఉంటుంది. దాన్ని ఖాళీగా వదిలితే కంప్యూటరు ముందుకు పోనివ్వదు. కాబట్టి వచ్చిన ప్రతి హెడ్మాస్టరూ చేతికందిన సంవత్సరం ఒకటి కొట్టి ముందుకు పోయాడు. అట్ల మా బడికి మూడు పుట్టినరోజులు, ఒక్క పండగా లేదు.

రచ్చబండ మీద కూర్చున్న పెద్దాయన్ని అడిగినాను, ఈ బడి ఎప్పటిదని. "అది బోర్డు బడి గదప్పా" అన్నాడు, ఇంత చిన్న సంగతి తెలీదా అన్నట్టు.

అక్కడ దొరికింది తీగ. తీగ లాగుతూ పోతే డొంక మన్రో దొర దాకా పోయింది. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో, ప్రెసిడెన్సీలో ఎన్ని బడులున్నాయో లెక్క పంపమని కలెక్టర్లందరికీ ఉత్తరం రాశాడు. పక్కనే ఉన్న బళ్ళారి జిల్లా కలెక్టరు కాంప్‌బెల్ 1823లో లెక్క పంపాడు. 533 బడులు, 6,641 మంది పిల్లలు. అయివార్లు ఇసుకలో దిద్దించి, దసరాకు పిల్లల్ని వెంటేసుకొని ఇంటింటికీ తిరిగి సంభావన తెచ్చుకునే కాలం అది. మరి నందికొట్కూరు లెక్క? లేదు. అప్పుడు మనం కర్నూలు నవాబు కింద ఉన్నాం. దొరలు 1839లో నవాబును దించి, కోట సోదా చేసి, దాచిపెట్టిన ఫిరంగులూ తుపాకులూ మాత్రం లెక్క రాసుకున్నారు. అంటే మా సీమ మీద మొదటి సర్కారు లెక్క ఆయుధాలది, బడులది కాదు. ఆ తర్వాత సినిమావాళ్ళు కూడా ఆ లెక్కనే నమ్ముకున్నారు.

తర్వాత బోర్డులొచ్చాయి. 1884 స్థానిక బోర్డుల చట్టంతో జిల్లా బోర్డు, తాలూకా బోర్డు ఏర్పడ్డాయి. రోడ్డు, ఆస్పత్రి, సత్రం, బడి, అన్నీ బోర్డువే. ఊళ్ళవాళ్ళకు బోర్డు అంటే పెద్ద మనుషులు కూర్చొని తీర్మానాలు చేసే సభ. 1934లో తాలూకా బోర్డులు పోయాయి, జిల్లా బోర్డు మిగిలింది. బోర్డు బడుల్లో హయ్యర్ ఎలిమెంటరీ అని ఎనిమిది దాకా చదివిస్తే ఇ.ఎస్.ఎల్.సి. అని ఒక సర్టిఫికెట్టు చేతికొచ్చేది. అది పట్టుకొని ట్రైనింగుకు పోయి, మళ్ళీ అదే బడికి అయివారుగా వచ్చినవాళ్ళున్నారు. ఎనిమిది చదివినవాడు ఎనిమిది చెప్పేవాడు. ఈ కాలంలో ఎమ్మెస్సీ, బీఈడీ, టెట్టు, డీఎస్సీ అన్నీ గెలిచి వచ్చినవాడు మొన్నటిదాకా మరుగుదొడ్డి ఫోటో తీశాడు. ఆ సంగతికి మళ్ళీ వస్తా.

1959 నవంబరు 1న పంచాయతీ సమితులొచ్చాయి. బోర్డు బడి సమితి బడి అయింది. 1986 చట్టంతో సమితులు పోయి మండల పరిషత్తులొచ్చాయి, సమితి బడి మండల ప్రజా పరిషత్ ప్రాథమికోన్నత పాఠశాల అయింది. ఈ పేరు ఒక గోడ మీద పట్టదు. మా బడిలో 'పాఠశా' దగ్గర గోడ అయిపోతే, 'ల' మూల తిరిగి పక్క గోడ మీదికి పోయింది. 2022 ఏప్రిల్ 4న నందికొట్కూరు నంద్యాల జిల్లాలో కలిసింది. దగ్గర్లో ఉన్న కర్నూలును వదిలి, దూరంగా ఉన్న నంద్యాలకు పోవాల్సి వచ్చింది జనానికి. పెయింటరుకు మాత్రం అది పండగ. సీమ అంతా బడికొక జిల్లా పేరు, అక్షరానికింత.

ఇదంతా నేను రిజిస్టర్లలో చదవలేదు. గోడ మీద చదివినాను. నేను పోయిన రోజు పెయింటరు గోడ గీకుతున్నాడు, కొత్త రంగు వేయాలని. చేతిలో పట్టీ, ముక్కుకు తువ్వాలు. గీకితే 'నంద్యాల' రాలింది. దానికింద 'కర్నూలు' తేలింది. దాన్నీ గీకితే 'మండల ప్రజా' పెచ్చులుగా ఊడింది. ఇంకా కింద, నీలిమందు కలిపిన సున్నం మీద, వంకర అక్షరాలతో 'సమితి' అని కనబడింది. ఆ కింద రాయి. "ఇంకా గీకమంటారా సామీ?" అన్నాడు. మోహెంజొదారోలో కూడా ఇన్ని పొరలు తవ్వినట్టు లేదు. వద్దులే నాయనా అన్నాను, గోడ పడిపోతే మళ్ళీ ఏ పథకం కింద కడతారో. రంగుల జోలికి నేను పోను. పంచాయతీ ఆఫీసుల రంగుల తగాదా 2020లో సుప్రీంకోర్టు దాకా పోయింది. మా బడి గోడకు అంత స్తోమత లేదు.

బోర్డు బడి అంటే ఏందో అప్పుడు నాకు తెలిసొచ్చింది. మొదట్లో బోర్డు బడిని నడిపింది. తర్వాత బోర్డు బడి మీద వేలాడింది. ఇప్పుడు బోర్డును మోయడానికే బడి.

ఇక ఎనిమిదో తరగతి కథ. భాగవతంలో కృష్ణుడికి ఇద్దరు తల్లులు. మా ఎనిమిదో తరగతికి ఎందరో లెక్క తేలదు. బోర్డు కాలంలో అది నడిమి బడి బిడ్డ, థర్డ్ ఫారం. తర్వాత ఆంధ్రప్రదేశ్ అయిదూ రెండూ మూడూ అని కొత్త లెక్క పెట్టుకుంది. దాంతో ఎనిమిది పోయి హైస్కూల్లో పడింది. ఏడో తరగతికి కామన్ పరీక్ష పెట్టారు. పన్నెండేళ్ళ పిల్లోడు పబ్లిక్ పరీక్ష రాయడానికి, అట్టా, పెన్సిలూ, చద్దిమూటా పట్టుకొని పక్క ఊరికి నడిచేవాడు. నేనూ నడిచినాను. తర్వాత విద్యాహక్కు చట్టం వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుంచి ఎనిమిది కూడా ఎలిమెంటరీయే అంది. ఎనిమిది మూటాముల్లె సర్దుకొని వెనక్కి వచ్చింది, గది మాత్రం వెంట తెచ్చుకోలేదు. 2022లో 117 నంబరు జీవో వచ్చి బడుల్ని ఆరు రకాలు చేసింది. శాటిలైట్ ఫౌండేషన్ అట, ఫౌండేషన్ ప్లస్ అట, ప్రీ-హైస్కూలట, హైస్కూల్ ప్లస్సట. శాటిలైట్ అన్న మాట విని మా ఊరి ముసలమ్మ, శ్రీహరికోట నుంచి ఏదో వదుల్తారనుకుంది. మూడు, నాలుగు, అయిదు తరగతుల పిల్లల్ని కిలోమీటరు దూరంలోని హైస్కూలుకు పొమ్మన్నారు. మూడో తరగతి పిల్లకు సంచీ బరువు వేరు, హైవే బరువు వేరు. 2025 మేలో ఆ జీవోను తీసేసి కొత్త జీవోలిచ్చారు. ఇప్పుడు బడులు తొమ్మిది రకాలు.

తొమ్మిది రకాలు! మా అవ్వకు పప్పులు కూడా అన్ని రకాలు తెలీవు. బడులు తొమ్మిది రకాలైనా అయివారు మాత్రం ఒకే రకం, ఒంటరి అయివారు. 2024-25 యూడైస్ లెక్కలో దేశం మొత్తం మీద ఏకోపాధ్యాయ బడులు ఎక్కువున్న రాష్ట్రం మనదే, 12,912. మొదటి స్థానం అంటే ఊరికే రాదు. ఎన్నో ప్రభుత్వాలు పార్టీ భేదం మరిచి కలిసి పనిచేస్తే వచ్చింది.

అయివార్లు ఎందుకు లేరు అనొద్దు. వస్తారు, కొంచెం నిదానంగా. 1998 డీఎస్సీలో నెగ్గి కోర్టుల చుట్టూ తిరిగినవాళ్ళకు 2023లో, అదీ కాంట్రాక్టు కింద, పోస్టింగులిచ్చారు. పాతికేళ్ళు. అభ్యర్థిగా దరఖాస్తు పెట్టినవాడు తాతగా చేరినాడు. అజ్ఞాతవాసంతో కలిపి పాండవులకే పదమూడేళ్ళు. తర్వాత మెగా డీఎస్సీ అని 2025లో 16,347 పోస్టులకు ప్రకటన వచ్చింది, అదే ఏడు నియామక పత్రాలు కూడా ఇచ్చారు. ఇది మెచ్చుకోవాల్సిందే, మెచ్చుకుంటున్నాను. వ్యంగ్యం రాసేవాడికి ఇట్లాంటి రోజులు కష్టకాలం.

గదుల సంగతికొస్తాను. మా ఊళ్ళో గదులకు నంబర్లు లేవు, పథకాల పేర్లున్నాయి. 1980ల్లో బ్రిటన్ డబ్బుతో వచ్చింది ఆపెప్ గది. 1990ల్లో డీపెప్ వచ్చింది, మొదటి విడత జిల్లాల్లో కర్నూలు ఒకటి. అది డీపెప్ గది. తర్వాతది ఎస్సెస్సే గది. "ఆరో క్లాసు యాడుంది?" అంటే "డీపెప్‌లో" అంటారు పిల్లలు. "ఏడు?" "ఆపెప్‌లో." ప్రపంచంలో ఎక్కడి పన్ను కట్టేవాడో ఇచ్చిన డబ్బు, ఇక్కడ బేతంచెర్ల బండ పరుచుకొని చల్లగా కూర్చుంది. వానకు కారే గదికి మాత్రం ఏ పథకం పేరూ లేదు. దాన్ని గవర్నమెంటు గది అంటారు.

కేసీ కాల్వ గట్టున నిలబడి చూస్తే ఇంకో కథ కనబడుతుంది. మా బడి అదృష్టం మంచిది, శ్రీశైలం నీళ్ళు దాని దాకా రాలేదు. 1963 జులై 24న నెహ్రూ శంకుస్థాపన చేసిన ఆ ప్రాజెక్టు కింద నందికొట్కూరు తాలూకాలో ఊళ్ళకు ఊళ్ళే మునిగాయి. 1981లో పోలీసుల్ని పెట్టి, ఇళ్ళు కూలగొట్టి, జనాన్ని లేపేశారు. కృష్ణ వెనక్కి తన్నుకొచ్చి పొలం, శ్మశానం, బావి, బడి అన్నీ కలిపి మింగింది.

అప్పుడు సర్కారు గుళ్ళ విషయంలో ఎంత శ్రద్ధ చూపిందో చెప్పాలి. రూపాల సంగమేశ్వరాలయాన్ని రాయి రాయికీ నంబరు వేసి విప్పి, కర్నూలు జగన్నాథగట్టు మీద మళ్ళీ పేర్చారు. కూడవెల్లి సంగమేశ్వరుణ్ణి అట్లే అలంపురానికి తరలించారు. చాలా గొప్ప పని, ఇప్పటికీ పోయి చూడొచ్చు. మునిగిన ఊళ్ళ బడుల్లో ఒక్క రాయికైనా ఎవరూ నంబరు వేయలేదు. పిల్లలకు రోల్ నంబర్లుండేవి, అవీ నీళ్ళపాలే. సప్తనదీ సంగమంలోని సంగమేశ్వరుడు ఏడాదిలో కొన్ని నెలలు నీళ్ళలో తపస్సు చేసి, ఎండాకాలం మట్టం తగ్గినాక వేపమొద్దు లింగంతో సహా బయటికొచ్చి పూజలందుకుంటాడు. ఊళ్ళు పోగొట్టుకున్నవాళ్ళు ఆ దారిలోనే తమ పునాదులు వెతుక్కుంటారు. ఒక పెద్దమనిషి నన్ను బురదలోకి పిలుచుకుపోయి, నాలుగు పలకల కడప ఒకటి చూపించి, "ఇది మా మూడో క్లాసు" అన్నాడు. చెప్పులు కింద విడిచి మరీ ఆ కడప దాటినాడు.

ఆ నీళ్ళే పోతిరెడ్డిపాడు తూముల్లోంచి నందికొట్కూరు పక్కగానే దక్షిణానికి పోతాయి. వాటి మీద నాలుగు రాష్ట్రాల నాయకులూ టీఎంసీలు కంఠతా చెబుతారు. శ్రీశైలంలో 885 అడుగులంటే ఎంతో, 854 అంటే ఎంతో నిద్రలో లేపి అడిగినా చెబుతారు. మునిగిన బడులెన్ని అని అడగండి. బెల్లు కొట్టినట్టు నిశ్శబ్దం.

సరే, మళ్ళీ మా బడికి. నేను పోయిన పూట హెడ్మాస్టరు లేడు. వెతికితే మరుగుదొడ్ల వెనక గట్టెక్కి, ఫోను ఆకాశానికెత్తి నిలబడి ఉన్నాడు. మొహం ఫోటోతో హాజరు వేసుకునే యాప్ 2022లో వచ్చింది. మరుగుదొడ్డి ఫోటోలు అంతకు ముందే వచ్చాయి. 2024లో కొత్త ప్రభుత్వం వచ్చి, మరుగుదొడ్డి ఫోటోలు ఇక అక్కర్లేదంది. "మరింకెందుకు సార్ గట్టెక్కినారు?" అన్నాను. "సిగ్నలుకన్నా. ఈడనే దొరుకుతాది. అలవాటు కూడా అయిపాయ" అన్నాడు. రోజూ ఒకే ఫోనులో తన మొహమూ మరుగుదొడ్డి మొహమూ ఎక్కించినవాడు, రెంటిలో ఏది ఏదో సర్వర్‌కు తెలిసిందో లేదోనని ఇప్పటికీ అనుమానపడుతున్నాడు.

మధ్యాహ్నం గంట కొట్టారు. పిల్లలు పళ్ళేలు పట్టుకొని వరసలో నిలబడ్డారు. ఈ అన్నం 2003 జనవరిలో మొదలైనప్పుడు దానికి పేరు లేదు, మధ్యాహ్న భోజనమే. తర్వాత గోరుముద్ద అయింది. ఇప్పుడు డొక్కా సీతమ్మ పేరు. సీతమ్మ గారు గోదావరి లంకల్లో అడిగినవాడికల్లా వండి వడ్డించిన మహాతల్లి. ఆమె తన పేరు ఏ గిన్నె మీదా చెక్కించుకోలేదు. సంచీల పథకం విద్యాకానుకగా పుట్టి, సర్వేపల్లి రాధాకృష్ణన్ విద్యార్థి మిత్ర అయింది. తల్లుల ఖాతాలో డబ్బు వేసే అమ్మఒడి పోయి తల్లికి వందనం వచ్చింది. అమ్మఒడిలో మరుగుదొడ్లకూ బడి నిర్వహణకూ కోత ఉండేది, వందనంలోనూ రెండు వేలు కోత ఉంది. 15 వేలకు 13 వేలు. పేర్లు మార్చే మంత్రులు ఆ రెండు వేల జోలికి మాత్రం పోలేదు. ప్రభుత్వాలు నిలకడగా నడిపే పథకం ఒకటైనా ఉందని సంతోషించాలి. ఇప్పుడు సంచీల మీద నాయకుల ఫోటోలు వద్దన్నారట. అది మంచి మాట. ఫోటోలన్నీ ఖాళీగా ఉండలేక ఫ్లెక్సీల మీదికి వలసొచ్చాయి, సుగ్గికి పోయినట్టు.

మీడియం గురించి రెండు ముక్కలు. 2019 నవంబరులో 81, 85 నంబర్ల జీవోలతో ఇంగ్లీషే అన్నారు. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు కొట్టేసింది. పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు వేశారు. పిల్లోడు మధ్యలో కూర్చున్నాడు, నడిమి బడి పిల్లోడు గదా. 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతికి బైజూస్ పాఠాలతో ట్యాబులిచ్చారు. 2024 కల్లా ఆ కంపెనీ దివాలా కోర్టులో నిలబడింది. టోఫెల్ వచ్చి పోయింది. మా ఊరి పిల్లకు అమెరికా పోయే పరీక్ష నేర్పుతాం, నందికొట్కూరు పోయే బస్సు మాత్రం అడగొద్దు అన్నట్టుంది.

ఇన్ని మారినా ఒక్కటి మారలేదు, గంట. వేపచెట్టుకు ఇనుప తీగతో వేలాడదీసిన రైలు పట్టా ముక్క అది. మూరెడుంటుంది. ఒక పక్క తుప్పు, కొట్టి కొట్టి ఇంకో పక్క అద్దంలా మెరుస్తుంది. నందికొట్కూరుకు ఈ రోజుకూ రైలు లేదు. మరి పట్టా ఎట్లా వచ్చిందో ఎవరికీ తెలీదు. రైలు రాకపోయినా దాని ముక్క మాత్రం వచ్చి, బోర్డు కాలం నుంచి పిల్లల్ని పిలుస్తూ ఉంది. దానికి పేరు పెట్టాలని ఎవరికీ తోచలేదు, బహుశా చెట్టు మీద రాయడం కష్టమని.

పన్నెండు లైన్లు రాసిచ్చాను. మన్రో, నవాబు, బోర్డు, సమితి, మునిగిన కడప, అన్నీ పట్టించాను. పీటీఎం రోజు పోయి చూస్తే బడి గోడ మొత్తం కప్పుకొని ఫ్లెక్సీ ఉంది. పైన పెద్ద ఫోటోలు, వాటి కింద మధ్యరకం ఫోటోలు, వాటి కింద చిన్న ఫోటోలు. నా పన్నెండు లైన్లలో ఒకటి మిగిలింది, 'ఘన చరిత్ర గల మా పాఠశాల' అని. అది నేను రాసింది కాదు. ముగ్గుల పోటీలో తల్లులు, తాడు లాగే ఆటలో తండ్రులు ఉత్సాహంగా ఉన్నారు.

ఫ్లెక్సీ గాలికి లేస్తోందని ఎవరో తాడు తెచ్చి, ఒక కొస కిటికీకీ, ఇంకో కొస వేపచెట్టు గంటకూ బిగించి కట్టారు. గంట కదల్లేదు. ఆ పొద్దు గంట ఎవరూ కొట్టలేదు. సాయంత్రం పిల్లలు వేపచెట్టు నీడ గోడ దాకా పోయిందా లేదా చూసుకొని, సంచీలు తగిలించుకొని ఇళ్ళకు పోయారు.